ఇరవై ఏడు నుంచి యాభై నాలుగు

ఒక వాయువు ఇరవై ఏడు డిగ్రీల సెల్సియస్ దగ్గర వంద మిల్లీలీటర్లు ఉంది. పీడనం మార్చకుండా దాన్ని యాభై నాలుగు డిగ్రీలకు వేడి చేశారు. ఇప్పుడు దాని ఘనపరిమాణం ఎంత?

ప్లస్ టూ పిల్లలకు ఆదర్శ వాయు సమీకరణం చెప్పిన మరునాడు నేను ఈ లెక్క ఇచ్చేవాణ్ణి. ఆ సమీకరణం చెప్పేది పెద్ద విషయమేమీ కాదు. పీడనాన్నీ ఘనపరిమాణాన్నీ గుణిస్తే ఎంత వస్తుందో, వాయువు మొత్తాన్నీ ఒక స్థిరాంకాన్నీ ఉష్ణోగ్రతనూ గుణిస్తే అంతే వస్తుంది. పీడనం మారకుండా, వాయువు బయటికి పోకుండా ఉంటే ఉష్ణోగ్రతతో పాటే ఘనపరిమాణం పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపయితే ఘనపరిమాణమూ రెట్టింపు. ఇరవై ఏడుకు రెట్టింపు యాభై నాలుగు. పిల్లలు తడుముకోకుండా రెండువందలని రాసేస్తారు. అది తప్పు. ఈ సమీకరణంలో సెల్సియస్ డిగ్రీలు వేయకూడదు, రెండువందల డెబ్బై మూడు కలిపి కెల్విన్‌లోకి మార్చుకోవాలి. అప్పుడు ఇరవై ఏడు కాస్తా మూడువందలు, యాభై నాలుగు మూడువందల ఇరవై ఏడు. వాయువు పెరిగేది నూటికి తొమ్మిది పాళ్ళే. జవాబు నూట తొమ్మిది.

ఆ రెండు అంకెలనూ నేను ఏరి పెట్టుకున్నాను. తప్పు చేయించడానికే ఆ లెక్క. తప్పు రాసినవాడి నోటుబుక్కు పైకెత్తి అందరికీ చూపించి ఒక మాట అనేవాణ్ణి. పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు. దెబ్బ తగిలితేనే గుర్తుంటుందని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నాకు చెప్పిన మేష్టర్లు కూడా అలాగే చెప్పారు. కానీ నిజం చెప్పాలంటే ఆ నవ్వు నాకు ఇష్టం. పిల్లలు నవ్వుతుంటే నేను చాలా తెలివైనవాణ్ణని అనిపించేది.

ఎనభైల మొదట్లో నేను తమిళనాడు ధర్మపురిలో ఒక మగపిల్లల స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఇల్లు ఊరి అంచున సోగత్తూరులో. పొద్దున స్కూలుకు పోకముందు మా తిన్నె మీద ట్యూషన్ నడిచేది. తిన్నె గోడకు నల్లబల్ల కొట్టించాను. పిల్లలు చాపల మీద కూర్చునేవాళ్ళు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు. గడప దాటితే తమిళం. కాలేజీలో చదివింది ఇంగ్లీషు. మా వైపు తెలుగువాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. మా నాన్న పట్టుబట్టి నాకు నేర్పాడు. నా భార్యకు రావు. నేనిప్పుడు రాస్తున్నది ఆమె చదవలేదు. చదివి వినిపించే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు.

ఆమెది పెరియంపట్టి. సేద్యం చేసుకునే కుటుంబం. తమిళ మీడియంలో ప్లస్ టూ చదివి, అన్నీ పాసై ఫిజిక్స్‌లో మాత్రం తప్పింది. మా పెళ్ళి ఆ తర్వాత జరిగింది. పెళ్ళయిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం తన మనసులో మాట చెప్పింది. వాళ్ళ ఊరి చిన్న స్కూలుకు బయటి నుంచి బస్సులో రావలసిన మేష్టరు వారంలో సగం రోజులు రాడట. తను హైస్కూల్లో ఉన్నప్పుడే సెలవుల్లో ఆ పిల్లలను పిలిచి కూర్చోబెట్టి కూడికలు, తీసివేతలు చెప్పేదట. ఒక్క ఫిజిక్స్ గట్టెక్కితే టీచర్ ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆమె నన్ను అడిగింది అంతే. చీర కావాలనో నగ కావాలనో ఏనాడూ అడగలేదు. ఆమె నన్ను కోరిన ఒకే ఒక్క కోరిక నాకు బాగా తెలిసిన సబ్జెక్టుకు సంబంధించింది.

మా అమ్మకు ఇది నచ్చలేదు. అయినా పూర్తిగా కాదనలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

“ఒక్క తూరి రాయనీ. పాసయితే ట్రైనింగ్ పోనీ, నేనేమీ అడ్డం రాను. తప్పితే మళ్ళా పుస్తకం ముట్టుకోకూడదు. ఇంట్లో బిడ్డ తిరగల్ల నాకు, పుస్తకం కాదు.”

నా భార్య సరేనని తలూపింది. నేనూ సరేనన్నాను. ఫిజిక్స్ మేష్టరు ఇంట్లో ఫిజిక్స్ ఒక్క పేపరు పాసవడం ఎంతసేపని అనుకున్నాను. ఒకే అవకాశం అన్న మాట ఆమెకు ఎంత బరువుగా తగిలిందో నేను పట్టించుకోలేదు.

అక్టోబరు పరీక్షకు ప్రైవేటుగా కట్టడానికి దరఖాస్తు తెచ్చాను. ఏ భాషలో రాస్తారో నింపాల్సిన చోట ఆమె చెప్పకముందే ఇంగ్లీషు అని రాశాను. ఆమె నా భుజం పక్కన నిలబడి చూస్తోంది.

“నేను తమిళంలో కదా చదివింది,” అంది.

“ఫిజిక్స్ వాత్తియారు పెండ్లాం తమిళంలో రాసిందంటే నగుతారు.”

“ఎవురు నగుతారు?”

స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు మొహాలు మనసులో మెదిలాయి, అంతే. వాళ్ళెవరూ మా ఇంటి పరీక్ష గురించి అడిగినవాళ్ళు కూడా కాదు. ఇంగ్లీషులో రాస్తే మార్కులు బాగా వేస్తారని ఒక అబద్ధం చెప్పాను. ఆమె నమ్మింది. అడుగున తమిళంలో సంతకం పెట్టింది.

మా ఇళ్ళలో ఇలాంటి తప్పు నేనొక్కణ్ణే చేశానని అనుకోను. తెలుగులో ఆలోచిస్తాం, తమిళంలో చదువుకుంటాం, ఇంగ్లీషులో గొప్పవాళ్ళమవ్వాలనుకుంటాం. ఈ మూడింటి మధ్య ఎవరో ఒకరు నలుగుతారు. మా ఇంట్లో ఆమె నలిగింది.

మగపిల్లలతో కలిసి తిన్నె మీద కూర్చోవడం మా అమ్మ ఒప్పుకోదు. అందుకని ట్యూషన్ జరిగేటప్పుడు ఆమె గడప లోపల, తలుపు చాటున పీట వేసుకుని కూర్చునేది. అక్కడి నుంచి నల్లబల్ల ఎడమ సగం మాత్రమే కనపడుతుంది. సమీకరణంలో సమానం గుర్తు దాకా చూసి, మిగతాది నేను నోటితో చెప్పేదాన్ని బట్టి రాసుకునేది. బల్లను గోడ మీద ఒక మూర జరిపి కొట్టిస్తే మొత్తం కనపడేది. ఆ సంగతి నాకు తెలుసు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దామనుకుంటూనే పరీక్ష వచ్చేసింది. చిత్తు లెక్కలు పలక మీద చేసేది. నోటు దండగని మా అమ్మ గొణుగుతుందని.

ఆమెకు చదువు రాదని ఎవరూ అనుకోకూడదు. తమిళ పుస్తకంలో ఆదర్శ వాయువును నల్లియల్బు వాయు అన్నారు, అంటే మంచి స్వభావం గల వాయువని. అణువులు ఒకదాన్నొకటి లాక్కోవు, తోసుకోవు, వాటికంటూ చోటు ఆక్రమించవు అని నేను చెబితే ఆమె నవ్వి, అట్లాంటి కోడలు యాడ దొరుకుతుంది మీ అమ్మకు అంది. పీడనం అంటే ఏమిటని అడిగినప్పుడు ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

“పెండ్లి ఇంట్లో ఒక రూములో జనం ఉండారు అనుకోండి. రూము అంతే, జనమూ అంతే. అందరూ తొందర తొందరగా తిరగబట్టినారంటే గోడకు ఎక్కువ తగులుకుంటారు కదా. అదే అళుత్తం.”

అళుత్తం అంటే తమిళంలో పీడనం. ఉష్ణోగ్రత పెరిగితే పీడనం ఎందుకు పెరుగుతుందో ఇంతకంటే బాగా నా క్లాసులో ఏ పిల్లవాడూ చెప్పలేదు. నేను మెచ్చుకోలేదు. పరీక్షలో పెళ్ళి ఇల్లు రాస్తే సున్నా వేస్తారు, ఇంగ్లీషులో నిర్వచనం బట్టీ పట్టమన్నాను. ఆమె బట్టీ పట్టింది. పొద్దున నీళ్ళు తోడుతూ, సాయంత్రం చెనక్కాయలు ఒలుస్తూ ఆ ఇంగ్లీషు వాక్యాలను వల్లించేది. మధ్యలో ఒక మాట జారిపోతే మళ్ళీ మొదటికి వెళ్ళేది. వాక్యం మధ్యలోంచి అందుకోవడం ఆమెకు చేతకాలేదు, ఎందుకంటే ఆ వాక్యం ఆమెది కాదు.

ఇక ఆ రోజు. సమీకరణం చెప్పిన మరునాడు అలవాటు ప్రకారం ఇరవై ఏడు, యాభై నాలుగు లెక్క బల్ల మీద రాశాను. పిల్లలు వంచిన తలలతో రాస్తున్నారు. గడప లోపలి నుంచి పలక నా వైపు జరిగింది. ఆమే ముందు చేసింది. ఎప్పుడూ అందరిదీ అయ్యాక చూపించేది, ఆ రోజు మాత్రం తొందరపడింది. సులువుగా వచ్చిందన్న సంతోషం కాబోలు. పలక మీద రెండువందలు అని ఉంది. కింద గీత కూడా గీసింది.

నేను పలక తీసుకుని పైకెత్తాను. తమిళంలో పిల్లలతో, చూడండిరా, మా ఇంట్లో గ్యాస్ డబుల్ అయింది, ఇంక ఒక సిలిండర్ కొంటే రెండు సిలిండర్లు వాడుకోవచ్చు అన్నాను. అందరూ నవ్వారు. వెనక కూర్చున్న ఒక కుర్రాడు, సార్, మా ఇంటి బియ్యం కూడా ఒకసారి అక్క చేత వేడి చేయించండి అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు. వాణ్ణి కసరవలసింది. నేనూ వాళ్ళతో పాటు నవ్వాను.

పలక వెనక్కి ఇద్దామని తిరిగి చూస్తే పీట ఖాళీగా ఉంది. లోపల అమ్మ ఎవరు నవ్వుతున్నారని అడుగుతోంది. నా భార్య ఏమీ లేదని చెప్పడం వినపడింది.

ఆ మాట వీధిలోకి పోయింది. కుళాయి దగ్గర ఆమె కనపడితే కుర్రాళ్ళు డబుల్ అక్కా అని గొణిగి సైకిల్ తొక్కుకుంటూ పోయేవాళ్ళు. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది. చిన్నపిల్లలు, నాలుగు రోజులు అని మర్చిపోతారన్నాను. వాళ్ళను పిలిచి ఒక్క మాట అంటే ఆగిపోయేది. కానీ ఆ తమాషా మొదలుపెట్టింది నేనని వాళ్ళకు తెలుసు. ఏ మొహంతో అనాలి?

ఆ తర్వాత కూడా ఆమె పీట వేసుకుని కూర్చునేది. మానలేదు. కానీ పలక ముందుకు జరపడం మానింది. నేను అడిగితేనే చూపించేది. ఒక పొద్దున నేను స్కూలుకు సైకిల్ తీస్తుంటే బయటికి వచ్చి నిలబడింది.

“ఆ రెండునూట డెబ్బై మూడు ఎందుకు కలపల్ల?”

“కెల్విన్ కావల్ల కాబట్టి.”

“అది తెలుసు. సున్నా అంటే సున్నానే కదా. దానికి కిందికి అంత దూరం పోయి ఆడ నుంచి ఎందుకు ఎంచల్ల? అంత చలి ఎవురు చూసినారు?”

“ఎవురూ చూల్లేదు. కలపమంటే కలుపు. ఎందుకని పరీట్చలో అడగరు.”

సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. స్కూలుకు ఆలస్యమవుతోందన్నది వంక. లోపల ఎక్కడో, రెండువందలని రాసిన మనిషి ఇంత మంచి ప్రశ్న అడగడం నాకు నచ్చలేదు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ అదే నిజం.

ఆ జవాబు ఎలా చెప్పాలో తర్వాతి సంవత్సరాల్లో ఎంతోమంది పిల్లలకు చెప్పాను. మా వైపు బావులు లోతు. బావిలో నీళ్ళు ఎంతున్నాయో రెండు రకాలుగా చెప్పవచ్చు. గట్టు మీద నిలబడి, ఇన్ని మట్ల లోతున ఉన్నాయనవచ్చు. అడుగు నుంచి కొలిచి, ఇంత ఎత్తు ఉన్నాయనవచ్చు. నీళ్ళు రెట్టింపయ్యాయా లేదా అని తేలాలంటే అడుగు నుంచి కొలిస్తేనే తేలుతుంది. సెల్సియస్ సున్నా బావి మధ్యలో ఎవరో తమ వీలు కోసం గీసుకున్న గీత. కెల్విన్ సున్నా అడుగు. కానీ వానొచ్చి నీళ్ళు ఒక మట్టు పెరిగితే, గట్టు నుంచి కొలిచినా అడుగు నుంచి కొలిచినా పెరిగింది ఒక మట్టే. పెరుగుదలకు ఏదీ కలపనక్కర్లేదు. ఇదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? సైకిల్‌కు గాలి కొట్టినంతసేపు. వాకిట్లో నిలబడి అడిగిన మనిషికి చెప్పకుండా వెళ్ళి, ఎవరెవరికో చెప్పాను.

ఎందుకని తెలియని మనిషికి భయం ఒక్కటే మిగిలింది. కలపకపోతే పరువు పోతుందని ఆమె నేర్చుకుంది. నేను నేర్పింది అదే. కాబట్టి ప్రతి డిగ్రీకీ కలపడం మొదలుపెట్టింది. పరీక్షకు ముందు వారాల్లో ఆమె నోటు ఒక్కసారి శ్రద్ధగా తిరగేసి ఉంటే నాకు కనపడేది. ట్యూషన్ పిల్లల క్వార్టర్లీ పరీక్షలని ఆ వారాల్లో వాళ్ళ నోట్లే చూశాను.

పరీక్ష రోజు సన్నగా వాన పడుతోంది. సెంటరు ధర్మపురిలోనే ఒక స్కూలు. సైకిల్ మీద తీసుకెళ్ళి దింపాను. మా అమ్మ పొద్దున్నే దీపం పెట్టి ఆమె నుదుట కుంకుమ పెట్టింది. కండిషన్లు పెట్టిన అమ్మే ఆ పని చేసింది. దారిలో నా వెనక కూర్చుని ఇంగ్లీషు నిర్వచనాలు వల్లిస్తూనే ఉంది. గేటు దగ్గర దిగి, పోయొస్తానంది. నేను, తొందరపడొద్దు, రెండుసార్లు చూసుకో అన్నాను. ఆమె మొహం చూశాక అనకుండా ఉండాల్సిందని అనిపించింది.

మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడ్డాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. అందరి కంటే చివర్లో వచ్చింది. ఎలా రాశావని అడగలేదు, వాయువు లెక్క వచ్చిందా అని అడిగాను. వచ్చిందంది. మూసిన పాత్రలో వాయువు ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఒక అట్మాస్ఫియర్ పీడనంలో ఉంది. ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీలు పెంచారు. పీడనం ఎంత? సులువైన లెక్క. మూడువందలు కాస్తా మూడువందల ముప్పై అవుతుంది. పీడనం ఒకటింబావు కూడా కాదు, ఒకటీ పాయింటు ఒకటి.

“మొదట ఇరవై ఏడుకు కలిపినా, మూడునూర్లు వచ్చింది,” అని మెల్లగా చెప్పసాగింది. “మళ్ళా ముప్పైకి కలిపినా. మూడునూట మూడు. రెండూ కూడితే ఆరునూట మూడు. దాన్ని మూడునూర్లతో భాగిస్తే రెండు వచ్చింది.”

ఆగింది. పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

“రెండు వచ్చిందనేటప్పటికి పెన్ను ఆపేసినా. డబుల్ వచ్చిందంటే అది తప్పే కదా. ఏ లైన్లో తప్పిందో తెలీలేదు. అంతా కొట్టేసినా. ఆ పేజీ మొత్తం.”

“మొదటి లైన్లు కూడానా?”

“అంతా.”

“సమీకరణం రాసినావు కదా, దాన్ని కూడా కొట్టేసినావా?”

తలూపింది. ఆ తర్వాత ఏ నిర్వచనమూ గుర్తుకు రాలేదని, ఒక్కోటి మొదలుపెట్టి సగంలో వదిలేశానని చెప్పింది. తమిళంలో రాయవచ్చా అని హాల్లో ఉన్న మేడమ్‌ను అడిగిందట. దరఖాస్తులో ఇంగ్లీషు అని ఉంది, కుదరదందట ఆమె.

ఆ క్షణంలో ఒక మనిషి చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. ఆమె పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఎదురుగా టీ కొట్టు ఉంది. నేను చేసిన పని ఏమిటంటే, సైకిల్ సీటు మీద వేలితో రాస్తూ ఆ లెక్క ఎలా చేయాలో చెప్పడం. పెరుగుదలకు ఎవరైనా రెండువందల డెబ్బై మూడు కలుపుతారా అని అడిగాను. గొంతు పెద్దదయింది. పరీక్ష రాసి వచ్చిన అమ్మాయిలు తిరిగి చూశారు. ఆమె శ్రద్ధగా విన్నది. ఇప్పుడు అర్థమయిందా అంటే అయిందంది. నిజంగానే అర్థమయింది.

రిజల్టు పేపర్లో వచ్చింది. పాసయినవాళ్ళ నంబర్లే వేస్తారు. ఆమె నంబరు లేదు. నేను రెండుసార్లు చూసి పేపరు మడిచి తిన్నె మీద పెట్టాను. ఆమె వచ్చి తనే చూసుకుని, మడతలు పాడవకుండా మళ్ళీ అక్కడే పెట్టింది.

రాత్రి అన్నం పెడుతూ అమ్మ నా వైపు చూసింది. ఏదైనా అంటానేమోనని చూసింది. ఇప్పుడు ఆలోచిస్తే అమ్మ ఆ మాట మీద గట్టిగా నిలబడేది కాదనే అనిపిస్తుంది. నేను ఒక్క మాట, ఇంకొక్కసారి రాయనిద్దాం, తప్పు నాది, తమిళంలో రాయించి ఉండాల్సింది అని ఉంటే గొణిగినా ఒప్పుకునేది. నా భార్య కూడా వడ్డిస్తూ చేయి ఆపింది. ఇద్దరు ఆడవాళ్ళూ నా నోటి కోసం ఎదురుచూశారు. తప్పు నాదని మా అమ్మ ముందు చెప్పడం నాకు పెద్ద పనిగా తోచింది. మజ్జిగ పోయమన్నాను.

మర్నాడు ఆమె ఫిజిక్స్ పుస్తకాలన్నీ కట్టకట్టి అటక మీద పెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఒప్పుకున్న మాట కాబట్టి చేసింది. ట్యూషన్ వేళ పీట గడప లోపల వేయలేదు. వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని పని చేసుకునేది, నవ్వులు వినపడకుండానేమో.

ఆ దశాబ్దం చివరికి వచ్చేటప్పటికి మా అమ్మ పోయింది. ఇల్లు కొంచెం సద్దుమణిగాక ఒక ఆదివారం నేను ఆ మాట మళ్ళీ ఎత్తాను. ఇంకోసారి కట్టు, ఈసారి తమిళంలోనే, నేను ఒక్క మాట అనను అని చెప్పాను. ట్రైనింగుకు వయసు దాటిపోయిందని అప్పటికే ఆమె కనుక్కుని ఉంది. ఎవరిని, ఎప్పుడు అడిగిందో నాకు తెలియదు. అంటే నాకు తెలియకుండా కొన్నేళ్ళు ఆ ఆశ ఆమెలో ఉంది. నేను అడుగుతానని ఎదురుచూసి ఉంటుంది. నేను అడిగేలోపే అది అయిపోయింది.

ఆ మరుసటి సంవత్సరం పెరియంపట్టి నుంచి ఆమె తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. ప్లస్ టూలో సైన్స్ గ్రూపు, ధర్మపురిలోనే సీటు దొరికింది, మా ఇంట్లో ఉండి చదువుకోవాలి. మామగారు వాణ్ణి దింపి, బావ దగ్గరుంటే ఫిజిక్స్‌కు భయం లేదని సంతోషంగా వెళ్ళాడు. నాకూ సంతోషమయింది. ఎక్కడో ఒక బాకీ తీర్చుకునే దారి కనపడినట్టనిపించింది. నల్లబల్ల మొత్తం కనపడే చోట వాడికి చాప వేయాలని కూడా అనుకున్నాను.

వాడు వచ్చిన రెండో రోజు అన్నం తింటున్నప్పుడు ఆమె చెప్పింది.

“వాడు బస్‌స్టాండ్ కాడ ఉండే సార్ దగ్గరికి ట్యూషన్ పోతాడు. నేను పోయి మాట్లాడి వచ్చినా.”

ఆ సార్ నా కంటే చిన్నవాడు, నా దగ్గరే కొన్నాళ్ళు చదివాడు.

“నేను చెప్పకూడదా?”

“మీరు చెప్తే వస్తుంది. రాదని నేను అనలేదు.”

“మరి?”

ఆమె తమ్ముడి వైపు చూసింది. వాడు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“వాడు తప్పు చేస్తాడు. చిన్నోడు కదా, చేస్తాడు. తప్పు చేసే తావు ఒకటి కావల్ల వానికి. ఈ ఇంట్లో అది లేదు.”

కోపం లేదు ఆ గొంతులో. వాడి కంచంలో ఇంకొంచెం పులుసు వేసి, నాకు కావాలా అని అడిగింది.

ఊళ్ళో వాళ్ళు అడిగారు. బావే ఫిజిక్స్ మేష్టరయితే వీడు బస్‌స్టాండ్ దాకా ఎందుకు పోతున్నాడని స్టాఫ్ రూములోనూ అడిగారు. ఇంట్లో వాడయితే మాట వినడని ఏదో చెప్పాను. ప్రతిరోజూ పొద్దున నేను తిన్నె మీద పిల్లలకు లెక్క రాస్తున్న వేళకే వాడు లోపలి నుంచి సైకిల్ దించేవాడు. చాపల మధ్య చక్రం ఎవరికీ తగలకుండా జాగ్రత్తగా నడిపించుకుంటూ, పోయొస్తా బావా అనేవాడు. వాడి అక్క గడప దాకా వచ్చి, టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించి, వాడు వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది. ఆ కాసేపు నేను రాయడం ఆపేవాణ్ణి. ఆమె లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాక, మళ్ళీ సుద్దముక్క తీసుకునేవాణ్ణి.